రోహిణిలో మబ్బు ఉండదు

ఒక పెద్ద అడవిలో, నీటికంటె తీర్మానాలే ధారాళంగా పారే కాలంలో, సుశ్రవ అనే కణితి ఉండేది.

కణితి అంటే చుక్కలు లేని పెద్దజింక. ఆకు రాలినా వినగల వెడల్పాటి చెవులు ఆ జాతికి సొత్తు. పులి కదిలిందని తక్కిన జింకలు అరిస్తే అడవి తలెత్తి చూస్తుంది. కణితి అరిస్తే మాత్రం చూడదు, పరుగెత్తుతుంది. అంత నమ్మకమైన గొంతు కాబట్టే సుశ్రవను పిలిచి జలసమితిలో సభ్యురాలిగా కూర్చోబెట్టారు. కూర్చోబెట్టిన తరువాత ఆ గొంతుతో ఎవరికీ పని పడలేదు. సభ్యులు చేయవలసిందల్లా ముందరికాలు ఎత్తడమే.

జలసమితి ఎందుకు పుట్టిందో చెప్పాలంటే ముందు చెలమ సంగతి చెప్పాలి.

ఆ అడవి నడుమ ఒక వాగు. వానాకాలంలో ఒడ్లు ఒరుసుకొని పారేది, శివరాత్రి దాటేసరికి ఉత్త ఇసుకై మిగిలేది. మద్దిచెట్ల వంపు దగ్గర, ఆ ఇసుకలో ఒక చెలమ ఉండేది. ఇసుక తోడితే అడుగున ఊరే నీటిగుంట అది. దాన్ని ఎవరు తవ్వారంటే ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే అందరూ తవ్వారు. 'తాగినవారు తోడాలి' అన్నది అక్కడి ఆచారం. దాహం తీరిన ప్రాణి పోతూ పోతూ, వెనక వచ్చేవారికోసం తన చేతనైనంత ఇసుక ఎత్తిపోసి పోవాలి. దున్న కొమ్ముతో తోడేది, పంది ముట్టెతో తోడేది, ఎలుగు పంజాతో తోడేది. కుందేలు సైతం చిటికెడు ఇసుక వెనక్కి చిమ్మి, ఏదో ఘనకార్యం చేసినట్టు చెవులు దులుపుకొని పోయేది. వేసవి ముదిరి నీరు ఎంత కిందికి దిగితే, ఆ వెనుకనే చెలమ కూడా అంత కిందికి దిగేది.

దానికి అధ్యక్షుడు లేడు. అదే దాని లోపమని తరువాత తేలింది.

అటువంటి అడవిలోకి ఒక చలికాలం మనుషులు వచ్చారు. మిట్టమీద బోరు వేశారు. గుండ్రంగా ఒక సిమెంటు తొట్టి కట్టారు. నాలుగు నల్లపలకలను ఆకాశంకేసి వాల్చి నిలబెట్టారు. పలకలమీద ఎండ పడగానే బోరులోని మోటారు గుయ్యిమన్నది, గొట్టంలోంచి నీరు తొట్టిలోకి దూకింది. మనుషులు ఫొటో తీసుకొని వెళ్ళిపోయారు.

నిజానికి అది మంచి వస్తువే. చెలమకు తోడుగా ఉంటే మరీ మంచి వస్తువు. కాని ఒక మంచి వస్తువు దొరికాక దానికి సమితి వేయకపోతే, అది దొరికినట్టే కాదని ఆ అడవిలో పెద్దల నమ్మకం.

అధ్యక్షుడుగా స్థూలశృంగుడు అనే అడవిదున్నను ఎన్నుకొన్నారు. ఆయన మాట్లాడడు. అంత పెద్ద శరీరం మాట్లాడకుండా నిలబడితే, లోపల ఏదో గొప్ప ఆలోచన నడుస్తూ ఉంటుందని చూసేవారికి తోస్తుంది. కార్యదర్శి వాక్పటుడు అనే కొండముచ్చు. పలకల చట్రంమీద తోక వేలాడేసుకొని కూర్చొనే హక్కును అతడు మొదటి సమావేశంలోనే సంపాదించుకొన్నాడు. ఆకాశ నిపుణుడు శిఖామణి అనే నెమలి. తీర్మానాలను బలపరిచేవాడు సమ్మతయ్య అనే తొండ. తొండ పుట్టుకతోనే తల ఊపుతుంది. సమితికి అంతకుమించిన అర్హత అక్కరలేదు.

ఉగాది వెళ్ళిన కొన్నాళ్ళకు సమావేశం జరిగింది. అప్పటికి సుశ్రవ నిండుచూలాలు.

"అధ్యక్షా! సభ్యులారా!" అన్నాడు వాక్పటుడు, పలకమీద కాలుమీద కాలు వేసుకొని. "ఈ ఏడు ఎండలు నిరుటికంటె ముదిరాయి. నిరుటి ఎండలు ముందటేటికంటె ముదిరాయి. ఇది శుభవార్త."

"ఎట్లాగండీ?" అన్నది సుశ్రవ.

"తేలికైన లెక్క తల్లీ. ఎండ ఉంటే నీరు. ఎండ పెరిగితే నీరు పెరుగుతుంది. ఇట్లాగే ముదురుతూ పోతే మనవాళ్ళు ఈత నేర్చుకోవలసి వస్తుంది."

సమ్మతయ్య తల ఊపాడు.

"మరి మబ్బు పడితేనో?"

సభ అంతా ఆకాశ నిపుణుడివైపు తిరిగింది. శిఖామణి మెడను నిదానంగా చాచాడు. ఆ మెడ చాచడానికే సమితి అతనికి రోజూ గింజలు పెడుతుంది.

"మా వంశం తరతరాలుగా ఆకాశాన్ని చూస్తున్నది. శివరాత్రికి చలి శివశివా అని పోతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి. మృగశిర కార్తె చొచ్చినాక మబ్బు వస్తుంది, మేము ఆడతాము. రోహిణిలో మబ్బు ఉండదు. ఆకాశం మా తాతగారికి మాట ఇచ్చింది."

"నిరుడు రోహిణిలో మబ్బు కమ్మింది గదండీ? అంతకుముందు ఏడు వడగళ్ళు కూడా..."

"అవి మినహాయింపులమ్మా. మినహాయింపులను మేము ఆకాశంలో కలపము."

ముదిరిన ఎండలకు సమితి అభినందన తెలుపుతూ ఒక తీర్మానం చేసింది.

తరువాత వాక్పటుడు గొంతు సవరించుకొని అసలు విషయానికి వచ్చాడు. వనాలన్నిటికీ పైన ఒక మహామండలి ఉన్నది. అది ఈ ఏటినుంచి 'సంపూర్ణ సౌరవనం' అనే బిరుదు ఇస్తున్నది. ఏ వనంలో ఒక్క ప్రాణి కూడా ఎండ తోడిన నీరు తప్ప వేరే నీరు ముట్టదో ఆ వనానికే బిరుదు. అధ్యక్షులవారి మెడలో దండ. కార్యదర్శికి మహామండలిలో కొమ్మ.

"మనకు అడ్డుగా ఉన్నది ఒక్కటే. ఆ చెలమ."

సమితి వెనుక బురదలో పడుకొని వింటున్న ఒక ఆడ అడవిపంది తల ఎత్తింది. పేరు ముట్టెమ్మ. నోరు పదునైనది, సంతానం లెక్కలేనిది.

"ఏం నాయనా, బిరుదు తాగుతారా?" అన్నది.

"సభ్యులు కానివారు మాట్లాడరాదు."

"సభ్యులు అయినవారు మాట్లాడితే నాకెందుకురా ఈ శ్రమ!" అని ముట్టెమ్మ సుశ్రవకేసి చూసింది.

సుశ్రవకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ ఉదయమే వాక్పటుడు ఆమె దగ్గరకు వచ్చి, నెలలు నిండిన సభ్యురాలికి తొట్టి పక్కన నీడపట్టు కేటాయించామని చెప్పి పోయాడు. పసికూన ఉన్న తల్లికి రాతిబాటన వాగుదాకా నడవనక్కరలేదు. నాలుగు అడుగులు వేస్తే నీరు. పైగా మోటారు రోజూ గుయ్యిమంటూనే ఉన్నది, తొట్టి పొర్లుతూనే ఉన్నది. పొర్లుతున్న తొట్టి ముందు నిలబడి ఇసుకగుంటను గురించి వాదించడం కష్టం.

కాళ్ళు లేచాయి. సుశ్రవ కాలు కూడా లేచింది.

మరునాడు స్థూలశృంగుడు తన మందతో వెళ్ళి కొండగుండ్లు దొర్లించి చెలమను పూడ్చాడు. పని చూసినవారు ఆహా అన్నారు. పెద్ద పనులన్నీ పూడ్చే పనులే కావడం వల్ల, అవి చూడడానికి ఘనంగా ఉంటాయి.

వైశాఖంలో సుశ్రవ కూనను ఈనింది. తల్లి చెవులే వచ్చాయి. ఒళ్ళు పిడికెడు, చెవులు దోసెడు. నిలబడితే చెవుల బరువుకే ముందుకు తూలేది. తొట్టి పక్క నీడలో దానిని నాకుతూ, సుశ్రవ మోటారు చప్పుడును జోలపాటలా విన్నది.

ఆ పాటకు మొదట మధ్యాహ్నం వేళ జీర పట్టింది.

ఎండ వేరు, వేడి వేరు. పలకకు కావలసింది వెలుతురు. వేడి దానికి సుస్తీ. ఎండలు ముదిరి పలకలు పెనంలా కాలేసరికి మోటారు నడినెత్తి వేళ మూలగసాగింది, గొట్టంలోని ధార వేలెడంత సన్నమైంది. సమితి ఆలోచించింది.

"ధార తగ్గిందంటే ఎండ చాలడం లేదన్నమాట. ఇంకా ముదరాలి," అన్నాడు వాక్పటుడు.

సమ్మతయ్య తల ఊపాడు.

తరువాత అవతలి కొండమీద కార్చిచ్చు రేగింది. అంతకుముందు ఎన్నడూ ఆ కొండ తగలబడలేదు. అక్కడి లోయలోని తడి ఆరిపోయి రెండేళ్ళయింది. పొగ వచ్చి అడవిమీద దుప్పటిలా పరుచుకొన్నది. సూర్యుడు ఉన్నాడు గాని, మసిబారిన లాంతరులోని దీపంలా ఉన్నాడు. పొగ వెనుక దుమ్ము. పలకలమీద బూడిద వేలుతో గీత గీయగలిగినంత పేరుకొన్నది. ఒక కోతిపిల్ల ఆకు తెచ్చి తుడవబోతే వాక్పటుడు పళ్ళు కొరికాడు.

"దిగరా కిందికి! పలకలు సమితి ఆస్తి. కార్యదర్శి తప్ప ఎవరూ ఎక్కరాదు."

అతడు తుడవడు. కార్యదర్శి కదా.

తొట్టి దగ్గర తోపులాట మొదలైంది. 'తాగినవారు తోడాలి' అన్న అడవిలో 'ముందు వచ్చినవారు తాగాలి' అన్నది కొత్త ఆచారం అయింది. తొట్టికి తోడే పని లేదు గదా, దాని దగ్గర ఎవరికి ఎవరూ బాకీ లేరు. ఆ యేడు పుట్టిన పిల్లలకు ఇసుకలో నీరు ఉంటుందన్న సంగతే తెలియలేదు. నీరంటే గొట్టంలోంచి పడేది. పడకపోతే గొట్టాన్ని చూస్తూ నిలబడడమే.

ఇక రోహిణి వచ్చింది.

రోళ్ళు పగలలేదు. సముద్రంలో ఎక్కడో వాయుగుండం పడింది. దాని వాన ఏ ఊళ్ళను ముంచిందో గాని, ఈ అడవికి దక్కింది మబ్బు మాత్రమే. నల్లటి మబ్బు కాదు, చినుకు రాల్చే మబ్బు కాదు. అంబలి రంగు మబ్బు కొండకూ కొండకూ మధ్య మూతలా బిగిసి కదలకుండా నిలిచిపోయింది. కింద ఉక్క. పలకలమీద నీడ కూడా పడనంత చప్పటి వెలుతురు. మోటారు ఒకసారి దగ్గి ఆగిపోయింది.

సమితి కూడింది. శిఖామణి పరిస్థితి చూడలేనట్టుగా ఉన్నది. మబ్బు కమ్మితే నెమలికి పింఛం విచ్చుకొంటుంది, అది దాని చేతిలో లేదు. పాపం, నిపుణుడు తన తోకను రెండు రాళ్ళ సందున ఇరికించుకొని కూర్చున్నాడు.

"శిఖామణిగారూ, అది మబ్బేనా?" అన్నది సుశ్రవ.

"రోహిణిలో మబ్బు ఉండదు. ఇది రోహిణి. కనుక అది మబ్బు కాదు."

"మరేమిటండీ?"

"ఆకాశం కొంచెం చిక్కబడింది."

ఆ మాటతోపాటు అతని పింఛం రాళ్ళను తోసుకొని టపాలున విచ్చుకొన్నది. నిపుణుడు సిగ్గుతో దానిని ముడవబోయాడు, అది ముడుచుకోలేదు. కాళ్ళు తమంతట తామే ఆడసాగాయి. "ఇది నాట్యం కాదు, ఇది తిమ్మిరి!" అని అరుస్తూ అతడు పొదల్లోకి ఆడుకొంటూ పోయాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి నోట్లో తడి ఉండాలి.

తొట్టి అడుగున పాచి ఎండి పెచ్చులు లేచింది. దాని చుట్టూ చూసిచూసి ముసలి కుందేళ్ళు ముందు ఒరిగాయి. పక్షులు కొమ్మలమీదినుంచి పండ్లలా రాలాయి. సుశ్రవకు పొదుగు ఎండింది. కూన పొడిచి పొడిచి, ఏమీ రాక, తల్లి ముఖంకేసి చూసేది. మొదటి రోజు అరిచింది. తరువాత అరవడం మానింది. ఆకు రాలినా వినగల సుశ్రవ చెవులకు ఆ మౌనంకంటె పెద్ద చప్పుడు ఎన్నడూ తగల్లేదు. ఒక ఉదయం కూన లేవబోయి, చెవుల బరువుకు ముందుకు తూలి, మళ్ళీ లేవలేదు. ఊపిరి మాత్రం ఆడుతూనే ఉన్నది.

సుశ్రవ నేరుగా వాక్పటుడి దగ్గరకు వెళ్ళింది.

"కార్యదర్శిగారూ, చెలమ తెరిపించండి."

"ఏ చెలమ?"

"వాగులోని చెలమ."

"అది రద్దయింది గదమ్మా! నువ్వే కాలెత్తావు."

"ఎత్తాను. ఇప్పుడు దింపుతున్నాను. నా కూనకు పాలు లేవు."

"సుశ్రవమ్మా, నీ బాధ నాకు తెలియదా? నాకూ నాలుక పిడచకట్టుకొని పోతున్నది. కాని మహామండలి పరీక్షకుడు బయలుదేరాడు, రేపోమాపో వస్తాడు. ఇన్నాళ్ళు ఓర్చి, ఇప్పుడు ఒక్క గుక్క చెలమ నీరు తాగితే మనం సంపూర్ణులం కాకుండా పోతాము. బిరుదు రానీ, తరువాత చూద్దాము."

"తరువాత ఎవరు చూస్తారండీ?"

"ఆకాశమే చూస్తుంది తల్లీ," అని అతడు పైకి చూపించాడు. పైన మూత బిగిసే ఉన్నది.

సుశ్రవ వాగుకు వెళ్ళింది. ముట్టెమ్మ అప్పటికే అక్కడ ఉన్నది, గుండ్ల కింద ముట్టె దూర్చి ఎగదోస్తున్నది. ముక్కుమీద తోలు లేచిపోయింది.

"వచ్చావా సభ్యురాలా! రా, రెండు చేతులా తీర్మానం చేద్దాం," అన్నది.

సుశ్రవ గుండుకు రొమ్ము ఆనించి తోసింది. ఇద్దరూ తోశారు. గుండు కదిలినట్టే కదిలి, వారి అమాయకత్వానికి నవ్వినట్టు మళ్ళీ కూర్చున్నది.

"లాభం లేదు వదినా," అని ముట్టెమ్మ చతికిలబడింది. "వీటిని కదిలించాలంటే ఆ దున్నపోతు మెడ కావాలి. నీళ్ళకోసం వంగమంటే వాడు వంగడు. ఆ మెడ వంగేది దండ వేయించుకోవడానికే."

సుశ్రవ చెవులు నిక్కబొడుచుకొన్నాయి.

"మళ్ళీ అను."

"దున్నపోతు అన్నానని చెప్పడానికి పోతావా ఏం?"

"కాదు. దండ అన్నావు గదా." సుశ్రవ గుండ్లను ఒక్కొక్కటే చూసింది. నున్నగా, గుండ్రంగా, ఒకదానిమీద ఒకటి పేర్చితే నిలబడేటట్టు ఉన్నాయి. "వదినా, నా కూన దగ్గర కూర్చో. నేను సమావేశానికి పోయి వస్తాను."

"ఓసి నీ సమావేశం కూల! ఇంకా బుద్ధి రాలేదా?"

"వచ్చింది. అందుకే పోతున్నాను."

సమితి తొట్టి పక్కనే ఉన్నది, కదలడానికి ఓపిక లేక. సుశ్రవ ముందరికాలు ఎత్తింది. ఎవరూ ప్రశ్న వేయకముందే సభ్యురాలు కాలెత్తడం అదే మొదటిసారి.

"అధ్యక్షా! పరీక్షకుడు వస్తున్నాడు. ఆయనకు చూపించడానికి మన దగ్గర ఎండిన తొట్టి ఒక్కటే ఉన్నది. చెలమను జయించిన అధ్యక్షులవారి పేర ఒక విజయస్తంభం ఉండవద్దా?"

స్థూలశృంగుడి కళ్ళు నిదానంగా తెరుచుకొన్నాయి.

"నాదా?" అన్నాడు. పదవిలోకి వచ్చిన తరువాత అతడు పలికిన మొదటి మాట అది.

"తమదే అధ్యక్షా."

"భేష్!" అన్నాడు వాక్పటుడు. "కాని ఇప్పటికిప్పుడు రాళ్ళు ఎక్కడినుంచి వస్తాయి?"

"ఏ గుండ్లతో చెలమ పూడిందో ఆ గుండ్లతోనే నిలబెట్టాలి గదండీ. వేరే రాళ్ళతో అయితే ఏ వనమైనా కట్టుకొంటుంది. వాటికి చరిత్ర ఉండదు."

పొదల్లోంచి శిఖామణి తల బయటకు వచ్చింది. తల ఒకచోట నిలబడే ఉన్నది, కింద కాళ్ళు ఇంకా ఆడుతున్నాయి. "గుండ్లు తీస్తే చెలమ తెరుచుకోదా?"

వాక్పటుడి కళ్ళు చిన్నవయ్యాయి. కాని సుశ్రవది అడవి నమ్మే గొంతు.

"చెలమను మూసింది గుండ్లా, తీర్మానమా?" అని అడిగింది. "తీర్మానం ఉండగా గుండ్ల కాపలా ఎందుకండీ? సమితి మాట నిలవాలంటే రాళ్ళు అడ్డం పెట్టాలని పరీక్షకుడికి తెలిస్తే, మన పరువు ఏం కావాలి?"

సమ్మతయ్య తల ఊపాడు. ఆ ఒక్కసారి అది పనికివచ్చింది.

"ముమ్మాటికీ తీర్మానమే!" అన్నాడు వాక్పటుడు, చట్రంమీద లేచి నిలబడి. "గుండ్లు కేవలం అలంకారం. స్తంభం ఇక్కడే నిలబడాలి, పలకల పక్కనే, తూర్పువైపున. వచ్చే అతిథికి ముందుగా అదే కనపడాలి."

దాహంతో నాలుక వేలాడుతున్న దున్న, నీటికోసం అడుగు కదపని దున్న, తన స్తంభంకోసం వాగులోకి దూకింది. ఒక్కొక్క గుండునూ నుదుటితో మోది, మెడతో నెట్టి, మిట్టమీదికి దొర్లించుకొని పోయింది. కొండముచ్చులు ఒకదానిమీద ఒకటి పేర్చాయి. సాయంత్రానికి స్తంభం పలకలను మించి లేచింది. మబ్బులో దేనికీ నీడ ఉండదు కాబట్టి, దాని నీడ ఎక్కడ పడుతుందో ఎవరికీ తోచలేదు.

చివరి గుండు లేచీ లేవకముందే ముట్టెమ్మ గుంటలోకి దిగింది. సుశ్రవ పక్కన దిగింది. పొడి ఇసుక. ఇంకా పొడి ఇసుక. నిరుడు నీరు ఉన్నచోట ఈ యేడు తడి అయినా లేదు. బోరు తాగినంత తాగింది, కురవని మబ్బు కురవనే లేదు, పైగా తోడే కాళ్ళు లేక చెలమ దిగడం మానేసింది. సుశ్రవ గిట్టలు చిట్లాయి. ముట్టెమ్మ తిట్లు ఆగిపోయాయి. తిట్లు ఆగాయంటే ఆమె నిజంగా అలసిపోయిందన్నమాట.

అప్పుడు ఇసుక రంగు మారింది. మారిన ఇసుక చల్లగా తగిలింది. చల్లటి ఇసుక గిట్ట గుర్తులోకి నిదానంగా, నసుగుతూ నసుగుతూ, నీరు వచ్చి నిలిచింది.

సుశ్రవ తాగింది. తాగి, పోబోతూ ఆగి, వెనక్కి తిరిగి, గిట్టలతో ఇసుక తోడింది. ముట్టెమ్మ తాగి తోడింది. వాసన పట్టిన ఎలుగు వచ్చి, తాగి, తోడింది. వెనుక కుందేళ్ళు, వాటి వెనుక దుప్పులు. చిన్నవాళ్ళకు తోడడం తెలియక నిలబడితే ముట్టెమ్మ ముట్టెతో ఒక్కటి అంటించింది.

"గొట్టం ఎక్కడా అని చూస్తున్నావా? నీ కాళ్ళే గొట్టం, తోడు!"

తెల్లవారేసరికి సుశ్రవ పొదుగు తడి పట్టింది. పరుగున పోయి అందిస్తే, కూన కళ్ళు తెరవకుండానే చప్పరించింది. ఎండ నడినెత్తికి రావలసిన వేళకు, ఆ రాని ఎండలోనే, అది నాలుగు కాళ్ళమీద నిలబడి చెవుల బరువుకు ముందుకు తూలింది. తూలి, మళ్ళీ లేచింది.

అదే వేళకు పరీక్షకుడు వచ్చాడు. పేరు అస్థిపాలుడు, జాతికి దుమ్ములగొండి. ఎముకలు నమిలి బతికే ఆ మృగాన్ని పరీక్షకుడుగా నియమించడంలో మహామండలి ఉద్దేశం ఏమిటో గాని, పనిమీద అతనికి ఉన్న శ్రద్ధను ఎవరూ శంకించలేరు. తొట్టి చుట్టూ ఒరిగినవారిని చూడగానే అతని నోట్లో నీరు ఊరింది. ఆ మిట్టమీద ఆనాడు ఊరిన నీరు అదొక్కటే.

"చాలా చక్కని నిర్వహణ," అన్నాడు లొట్టలు వేస్తూ. "వీరంతా ఏ నీరు తాగారు?"

"ఎండ తోడిన నీరేనండి. చివరి చుక్కదాకా," అన్నాడు వాక్పటుడు.

"వేరే నీరు?"

"రద్దయింది."

"ఎండ తోడిన నీరు ఇప్పుడు ఎంత ఉన్నది?"

"ప్రస్తుతం... ఆకాశం కొంచెం చిక్కబడిందండి."

"అది మా పరిధి కాదు. తాగిన నీరు ఏది అన్నదే మా ప్రశ్న. తాగారా లేదా అన్నది మా ప్రశ్న కాదు."

స్థూలశృంగుడు మెడ వంచాడు. దండ పడింది. బిరుదు ప్రకటించబడింది. చప్పట్లు కొట్టడానికి ఎవరూ లేరు. ఉన్నవారంతా వాగు వంపులో రద్దయిన నీరు తాగుతున్నారు. సమ్మతయ్య ఒక్కడే తల ఊపాడు.

భోజనం చేసిన తరువాత పరీక్షకుడికి దాహం వేసింది. అటూ ఇటూ చూసి, వాసన పట్టుకొని వాగులోకి దిగి, కడుపునిండా తాగాడు.

"నేను తాగలేదు," అన్నాడు సుశ్రవతో, మూతి తుడుచుకొంటూ.

"తమరు తాగలేదండీ," అన్నది సుశ్రవ. "తాగనివారు కూడా తోడి పోవడం ఇక్కడి ఆచారం."

అతడు వినిపించుకోకుండా వెళ్ళిపోయాడు. ఆ చెలమలో తాగి తోడకుండా పోయినవాడు అతడొక్కడే.

కొన్నాళ్ళకు మబ్బు తొలగింది. మంచి ఎండ కాసింది. అడవి అంతా మోటారుకోసం చెవులు రిక్కించింది. మోటారు పలకలేదు. పొద్దుపొడుపునుంచి విజయస్తంభం నీడ పలకలమీద పొడుగ్గా పడుకొని ఉన్నది. అది పక్కకు జరిగేసరికి, బూడిద పేరుకొన్న ఆ పలకలు కాలి సుస్తీ చేసే వేళ అవుతున్నది. స్తంభాన్ని తీయడానికి వీలు లేదు, అది చరిత్ర. పలకలను జరపడానికి వీలు లేదు, అవి సమితి ఆస్తి. సూర్యుడు సహకరించడం లేదని సమితి ఒక తీర్మానం చేసి, దానికి శిఖామణిచేత సాక్ష్యం చెప్పించింది.

చెలమ మాత్రం నడుస్తున్నది. అది రద్దయినది కాబట్టి దానికి అధ్యక్షుణ్ణి వేయడం కుదరలేదు, నిపుణుణ్ణి వేయడం కుదరలేదు, దానిమీద ఎక్కి కూర్చోవడానికి చట్రమూ లేదు. రోజూ పొద్దువాలే వేళ స్థూలశృంగుడు మెడలోని దండను ఒక కొమ్మకు తగిలించి, ఎవరూ చూడడం లేదనుకొని ఆ లేని చెలమకు వస్తాడు. తాగుతాడు. పోబోతూ, పాత అలవాటు కొద్దీ, కొమ్ముతో ఇంత ఇసుక తోడుతాడు. సుశ్రవ పక్కకు తప్పుకొని దారి ఇస్తుంది, ఏమీ అనదు. ఆమె కూన మాత్రం అంత పెద్దవాడు తోడడం చూసి, తానూ రెండు గిట్టలతో ఇసుక చిమ్మి, చెవులు దులుపుకొంటుంది.

ఇందులోని నీతి: ప్రాణం నిలిపే వస్తువు దేనినైనా కాపాడదలచినవారు, అన్నిటికంటె ముందు దానిని సమితిచేత రద్దు చేయించవలెను.